పదో తరగతి చదువు: ఇళ్లలో వినిపించే అపోహలు, బళ్లో కనిపించే వాస్తవాలు

నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పేరెంట్స్ మీటింగుల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో ఫిర్యాదు. వాటి వెనకున్న నమ్మకాలు మాత్రం అయిదారే.

అపోహ: ఎన్ని గంటలు చదివితే అన్ని మార్కులు.

వాస్తవం: "మావాడు పుస్తకం వదలడు సార్, అయినా మార్కులు రావట్లేదు" అని వాపోయే తల్లి అబద్ధం చెప్పడం లేదు. వాడు నిజంగానే చదువుతున్నాడు, చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతున్నాడు. రెండోసారికి ప్రతి వాక్యం తెలిసినట్టే అనిపిస్తుంది కాబట్టి వచ్చేసిందనుకుంటాడు. పరీక్ష హాల్లో పుస్తకం ఉండదు, అక్కడ ఆగిపోతాడు.

2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించి చూశారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు. కొందరు చదివాక, చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే రాసినవాళ్లది. మన పబ్లిక్ పరీక్ష అయిదు నిమిషాల తర్వాత జరగదు కదా.

ఇంట్లో చేయాల్సింది ఇంతే. నిన్న చదివిన పాఠంలో ఒక ప్రశ్న చూపించి, పుస్తకం మూయించి, తెల్లకాగితం మీద రాయమనండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో వాణ్నే చేర్చమనండి. రెండు మూడు రోజులాగి అదే ప్రశ్న మళ్లీ అడగండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా, అసలు చదువే రాకపోయినా ఈ పని చేయించగలరు. పిల్లలు విసుక్కుంటారు, ఎందుకంటే చదవడం కంటే ఇది కష్టం. ఆ కష్టంలోనే పాఠం నిలబడుతుంది. ఇలా అరగంట రాసిన పిల్లాణ్ని చూసి, రెండు గంటలు కూర్చోలేదేమని మాత్రం తిట్టకండి.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేపితేనే బుర్రకెక్కుతుంది.

వాస్తవం: టీనేజ్‌లో శరీరం గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్రకు సమయమైందని చెప్పే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే తొందరగా నిద్రపట్టదు, పొద్దున్నే మెలకువ రాదు. దానికి మనం బద్ధకమని పేరు పెట్టాం. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, చదివింది జ్ఞాపకంగా కుదురుకునేది కూడా ఆ నిద్రలోనే. ఎనిమిదింటికే పడుకోబెట్టగలిగితే నాలుగింటికి లేపండి, నాకేం అభ్యంతరం లేదు. పదకొండు దాకా సీరియళ్లు నడిచే ఇంట్లో అది అయ్యే పనేనా? మొదటి పీరియడ్‌లో తూగే పిల్లలకు నేను చెప్పేదేదీ ఎక్కదు.

అపోహ: లెక్కలు రావాలంటే పుట్టుకతోనే ఆ బుర్ర ఉండాలి.

వాస్తవం: పదో తరగతిలో "లెక్కలు రావు" అనే పిల్లల నోటుపుస్తకం తీసి చూడండి. వర్గ సమీకరణం సూత్రం కంఠతా వచ్చి ఉంటుంది. విలువలు కూడా సరిగ్గానే పెడతారు. అక్కడ మైనస్ 7 ని వర్గం చేయాల్సి వస్తే మైనస్ 49 అని రాస్తారు. మూలాలు తప్పుతాయి. అది పదో తరగతి తప్పు కాదు, ఏడో తరగతిలో పూర్ణసంఖ్యల దగ్గర పడిన ఖాళీ. ఇంకొందరికి భిన్నాల దగ్గర పడుతుంది. పునాది పగిలినచోట పూత పూసినట్టు, ఈ పిల్లల్ని ట్యూషన్‌లో చేర్చి మళ్లీ పదో తరగతి లెక్కలే చేయిస్తారు. ప్లస్ మైనస్ గుర్తులు, భిన్నాలు, సమీకరణంలో పక్షాంతరం (ఒక వైపు పదాన్ని రెండో వైపుకు మార్చడం), ఈ మూడింటి మీద వేసవిలో రోజుకో గంట పెట్టిన పిల్లలు జూన్‌లో వేరే మనుషుల్లా కనిపిస్తారు. చేసిన లెక్కల కంటే తప్పిన లెక్కల్ని ఎక్కడ తప్పాయో చూడటం ముఖ్యం. ఎర్ర ఇంటూ కనిపించగానే పేజీ తిప్పేయనివ్వకండి.

అపోహ: గైడ్‌లో ఇంపార్టెంట్లు చూసుకుంటే చాలు.

వాస్తవం: మన గణితం పేపర్లో 100 మార్కులకు 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఛాయిస్ ఉండేది ఆఖరి అయిదింటికే. మిగతా 60 మార్కులకు తప్పించుకునే దారి లేదు, ఒక మార్కు ప్రశ్నలు పాఠంలో ఏ మూల నుంచైనా రావచ్చు. పాత పేపర్లు చేయించండి, కానీ గడియారం పెట్టి.

అపోహ: ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగులో వివరిస్తే పాడవుతారు.

వాస్తవం: ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ముద్రించిందే అందుకు. తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీషులో రాయనివ్వండి.

అపోహ: పదిలో తప్పితే జీవితం అయిపోయినట్టే.

వాస్తవం: పరీక్షల టెన్షన్ కంటే, ఫలితాల రోజు ఇంట్లో ఏమంటారోనన్న భయమే పిల్లల్ని ఎక్కువ తినేస్తుంది. ఆ భయం ముదిరి పిల్లలు మాట్లాడటం, తినడం మానేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉచిత నంబరు 14416కి ఫోన్ చేయండి. సబ్జెక్టు పోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, పాసైతే ఆ ఏడాదే ఇంటర్‌లో చేరొచ్చు. కాకపోతే ఫీజు కట్టడానికి గడువు కొద్ది రోజులే ఇస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లలు సిగ్గుతో బడి వైపు రారు. మీరే హెడ్మాస్టరు దగ్గరికొచ్చి ఫీజు కట్టేసి, పోయిన సబ్జెక్టు టీచర్ ఎప్పుడు దొరుకుతారో కనుక్కుని వెళ్లండి.