మునుగుడు కోడి మునిగిన చోట తేలదు

బెంగళూరు చెరువు గట్ల మీద పొద్దున్నే నడిచేవాళ్లు చాలామంది దాన్ని బాతుపిల్ల అనుకుంటారు. గోధుమ రంగు, గుండ్రటి ఒళ్లు, తోక ఉందో లేదో తెలియదు, చూస్తుండగానే మాయమైపోతుంది. అది మునుగుడు కోడి, అంటే లిటిల్ గ్రీబ్. అగర, మడివాళ, కైకొండ్రహళ్లి, జక్కూరు చెరువుల్లో ఓపికగా చూస్తే కనబడుతుంది. పూర్తిగా ఎదిగినా పాతిక సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బాతులతో దీనికి దగ్గరి చుట్టరికం లేదు. డీఎన్ఏ పరిశోధనల ప్రకారం గ్రీబ్‌లకు అత్యంత దగ్గరి బంధువులు ఫ్లెమింగోలు!

దీన్ని ఫొటో తీయాలంటే ముందు కాళ్ల సంగతి తెలియాలి. బాతుకి ముందున్న మూడు వేళ్లనీ కలుపుతూ చర్మం ఉంటుంది. దీనికి ఒక్కో వేలికీ విడిగా రేకులాంటి చర్మం ఉంటుంది. కాలు వెనక్కి తన్నినప్పుడు ఆ రేకులు విచ్చుకుంటాయి, ముందుకు తెచ్చినప్పుడు ముడుచుకుంటాయి. కాళ్లు దాదాపు తోక దగ్గరే మొలిచాయి కాబట్టి నేల మీద నడవడం కష్టం, నీళ్లలో మాత్రం రెక్కలు ముడుచుకుని చేపలా దూసుకుపోతుంది. మునిగే ముందు ఈకలను ఒంటికి అదుముకుని, వాటి మధ్యనున్న గాలిని బయటికి నెట్టేస్తుంది. అప్పటిదాకా తేలికగా కూర్చున్న పక్షి ఉన్నట్టుండి నీటిలోకి కుంగినట్టు కనిపిస్తుంది. మీకు అందే సూచన అదే. వెంటనే మెడ వంచి ముందుకు దూకుతుంది. షటర్ వేగం 1/2000 సెకను ఉంటే ఆ దూకుడూ, చిందిన నీటి చుక్కలూ స్పష్టంగా వస్తాయి. మామూలుగా ఈదుతున్నప్పుడు 1/1000 చాలు.

మునిగాక సాధారణంగా 10 నుంచి 20 సెకన్లు లోపలే ఉంటుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మునిగిన చోటికే లెన్స్ గురిపెట్టి బటన్ నొక్కి ఉంచుతారు. అలల మీద ఆటోఫోకస్ నిలవక వెనకున్న గట్టుకో, జమ్ముకో పోతుంది. పక్షి ఇంకోచోట తేలినప్పుడు కెమెరా తిరిగి సర్దుకునేలోపు మళ్లీ మునిగిపోతుంది. ఫోకస్ చేసే పనిని షటర్ బటన్ నుంచి కెమెరా వెనకున్న బటన్‌కి మార్చుకుని, పక్షి మునగగానే వేలు తీసేయండి. కెమెరా కళ్ల ముందు నుంచి దించి, మామూలు చూపుతో నీళ్లంతా గమనించండి. తేలిన పక్షి దాదాపు అంతే దూరంలో ఉంటే ఫోకస్ కొద్దిగా సర్దితే సరిపోతుంది.

ఆ కొద్దిగా కూడా ముఖ్యమే. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 500 ఎంఎం లెన్స్ పెట్టి, ఎఫ్/6.3 అపర్చర్ (లెన్స్ రంధ్రం) దగ్గర 20 మీటర్ల దూరంలో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 60 సెంటీమీటర్లే. ఆ దూరంలో పక్షి ఫ్రేమ్ వెడల్పులో ఐదో వంతు కూడా నిండదు. అందుకని దాని వెంట గట్టు మీద పరుగెత్తకండి. పరుగెత్తేకొద్దీ అది చెరువు మధ్యకి పోతుంది. జమ్ము అంచున ఒకచోట కదలకుండా కూర్చుంటే మేతకి అదే దగ్గరికొస్తుంది. ఉదయమైతే తూర్పు గట్టున కూర్చోండి, ఎండ మీ వీపు మీద, వెలుగు దాని ముఖం మీద పడుతుంది. నడకబాట ఎత్తు నుంచి తీస్తే ఫొటోలో నీళ్లే ఎక్కువ. మెట్లుంటే భద్రంగా ఉన్నంతవరకు కిందికి దిగి, లెన్స్‌ని నీటి మట్టానికి దగ్గరగా తెస్తే వెనకంతా మెత్తగా కరిగిపోతుంది.

ఆకాశం మెరుస్తున్న నీటిలో పక్షి నల్లగా వస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు) +0.7 పెంచండి. చెట్ల నీడ పడ్డ నీటిలో −0.7 తగ్గించకపోతే ముక్కు మొదట్లో ఉండే లేత పసుపు మచ్చ తెల్లగా కాలిపోతుంది. జతకట్టే కాలంలో చెంపలూ మెడా ముదురు ఇటుక రంగుకి మారినప్పుడు ఆ మచ్చే దాని అందం.

నుదుట తెల్ల బిళ్ల ఉన్న బొల్లికోడి ఇంత కష్టపెట్టదు. ఒంట్లో గాలి ఎక్కువ కాబట్టి మునిగిన చోటికి దగ్గర్లోనే పైకి తన్నుకొస్తుంది. నీటికాకి ఈకలు తడుస్తాయి, అది రెక్కలారబెట్టే చెట్టుమోడు ఎక్కడుందో తెలిస్తే చాలు.

గూడు విషయంలో మాత్రం ఎంత జాగ్రత్త పడినా తక్కువే. నాచూ, కుళ్లిన ఆకులూ కుప్పేసి, జమ్ముకో నీటిమొక్కలకో ఆనించిన తేలే తెప్ప అది. తల్లో తండ్రో దిగేటప్పుడు గుడ్లని నాచుతో కప్పి మరీ పోతుంది. మనిషిని చూసి బెదిరి హడావిడిగా దిగితే కప్పే తీరిక ఉండదు, కాకులకి దొరికిపోతాయి. చెరువుని బాగుచేసే పేరుతో అంచులన్నీ నిలువుగా తవ్వి గిన్నెలా చేస్తే ఈ తెప్ప ఆనడానికి లోతు తక్కువ చోటే మిగలదు. జక్కూరులో శుద్ధిచేసిన మురుగునీరు చిత్తడినేల గుండా చెరువులోకి వస్తుంది. అలాంటి జమ్ము అంచులు మిగతా చెరువులకీ కావాలి.

పిల్లలు పుట్టాక పని సులువవుతుంది. పెద్దదాని వీపు మీద ఈకలు ఉబ్బెత్తుగా కనిపిస్తే అక్కడే ఆగండి, రెక్కల కింద చారల తల ఉంటుంది. రెండో పక్షి పురుగుతో వచ్చేదాకా షటర్ 1/1000, ఎఫ్/8లో ఉంచితే మూడు ముఖాలూ ఫోకస్‌లోకి వచ్చే అవకాశం ఎక్కువ.