చేమంతికి చీకటి కావాలి

కిందటేడు కార్తికంలో మా ఇంటి చేమంతులు రెండు జట్లుగా విడిపోయాయి. పెరట్లో బావి పక్కన పెట్టినవి గుత్తులు గుత్తులుగా మొగ్గ తొడిగాయి. వీధి అరుగు ముందు వరసగా పేర్చిన ఎనిమిది కుండీలు మాత్రం మోకాలు దాటి ఏపుగా పెరిగాయే తప్ప, వాటిల్లో మొగ్గన్నది లేదు. అన్నీ ఒకే తల్లి మొక్క పిలకలు. అదే ఒండ్రుమట్టి, అదే పశువుల ఎరువు, అదే బావి నీళ్లు. "పెరటివాటికి ఒక చెంబు ఎక్కువ పోస్తున్నారేమోనండీ" అంది మా ఆవిడ. నేను ముప్పై ఏళ్లు పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఆ మాట కొంచెం గుచ్చుకుంది. వేపపిండి వేశాను. కుండీలు అటూ ఇటూ తిప్పాను. ఏం లాభం లేదు.

ఓసారి కడియం వెళ్లినప్పుడు పిలకలు కొన్న నర్సరీలో అడిగాను. అక్కడి కుర్రాడు మొక్కల్ని చూడకుండానే, "ఆయ్, రాత్రిపూట వీధిలైటేమైనా పడతందా మాస్టారూ?" అన్నాడు.

పడుతోంది. అంతకుముందు వేసవిలోనే మా మలుపులో స్తంభానికి కొత్త ఎల్‌ఈడీ దీపం బిగించారు. అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునేంత వెలుగు. దాన్ని చూసి నేను సంబరపడ్డాను కూడా. ఈ వయసులో రాత్రిపూట మెట్టు కనపడటం చిన్న విషయం కాదు.

ఆ కుర్రాడికి అనుభవం మీద తెలిసిన విషయం శాస్త్రానికి తెలిసింది పొగాకు వల్ల. చుట్ట పొగాకుకి పేరుపడ్డ గోదావరి లంకల వాళ్లకి ఇది ముచ్చటైన సంగతే. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల దగ్గర ఒక పొగాకు రకం ఉండేది. మిగతా రకాలన్నీ వేసవిలో పూస్తుంటే, అది మాత్రం మనిషికి మించి పెరిగిపోయి చలికాలం దాకా పూత మాటే ఎత్తేది కాదు. ఎరువు మార్చారు, నీరు మార్చారు, వేడి మార్చారు. చివరికి ఎండాకాలంలోనే రోజూ మధ్యాహ్నం కొన్ని కుండీల్ని చీకటి కొట్టంలోకి తోసి, మర్నాడు పొద్దెక్కాక బయటికి తీశారు. అవి పూశాయి. పగటి నిడివిని బట్టి మొక్క పూతకి వస్తుందని 1920లో ప్రకటించారు.

అందులో ఒక చిన్న పొరపాటుంది. 1938లో హామ్నర్, బానర్ అనే మరో ఇద్దరు మరులమాతంగి మీద ప్రయోగాలు చేశారు. చేలగట్ల మీద నడిస్తే పంచెకు అంటుకునే ముళ్లకాయలుంటాయే, ఆ మొక్క. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికేం పట్టలేదు. రాత్రి మధ్యలో ఒక్క నిమిషం దీపం వెలిగిస్తే మాత్రం పూత ఆగిపోయింది. అంటే మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని. అదీ మధ్యలో తెగని రాత్రిని. మధ్యలో దీపం వెలిగితే దాని లెక్కలో అది ఒక పెద్ద రాత్రి కాదు, రెండు పొట్టి రాత్రులు. మా వీధి దీపం సాయంత్రం ఆరు నుంచి తెల్లవారి ఆరు దాకా వెలుగుతుంది. అరుగు ముందు చేమంతులకి అసలు రాత్రే పడలేదు. కార్తికం వచ్చిన సంగతి వాటికెలా తెలుస్తుంది?

ఈ లెక్క కట్టేది ఆకు. ఆకులో ఫైటోక్రోమ్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఎర్రని వెలుగు తగిలితే ఒక రూపంలోకి, కంటికి ఆనీ ఆనని దూరపు ఎరుపు తగిలితే మరో రూపంలోకి మారుతుంది. రాత్రి మధ్యలో ఎర్రదీపం వేస్తే పూత ఆగిపోతుంది. వెంటనే దూరపు ఎరుపు వేస్తే ఆగిన పూత మళ్లీ సాగుతుంది. స్విచ్చి నొక్కినట్టే. చీకటి తగినంత సాగితే ఆకు ఒక కబురు తయారుచేసి కొమ్మ కొసకి పంపుతుంది, అక్కడ చివురు పుట్టాల్సిన చోట మొగ్గ పుడుతుంది. అలాంటి కబురు ఒకటి ఉండి తీరాలని రష్యన్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ 1930లలోనే చెప్పి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అదొక ప్రోటీన్ అని గట్టిగా తేలడానికి 2007 దాకా పట్టింది. తేల్చిన మొక్కల్లో మన వరి కూడా ఉంది.

డెల్టాలో దీన్ని ఇంత ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకోవాలంటే, మన దగ్గర పగలూ రాత్రీ తేడా చాలా తక్కువ. లండన్‌లో ఎండాకాలం పగటికీ చలికాలం పగటికీ మధ్య దాదాపు తొమ్మిది గంటల తేడా ఉంటుంది. అమలాపురంలో అతి పెద్ద పగలు 13 గంటల 7 నిమిషాలు, అతి చిన్నది 11 గంటల 8 నిమిషాల చిల్లర. ఏడాది మొత్తానికి రెండు గంటలే. దసరాల నుంచి కార్తిక పౌర్ణమి దాకా పగలు తరిగేది ఇంచుమించు అరగంట, అంటే రోజుకి ఒక నిమిషం కూడా లేదు. గడియారం చూసుకునే మనకే తెలియని ఆ తరుగుని పెరట్లో చేమంతి పట్టుకుంటుంది.

పందిరి మీది చిక్కుడుదీ అదే తీరు. ఆషాఢంలో గింజ పెట్టినా, శ్రావణంలో పెట్టినా మా పాదు పూతకొచ్చేది రాత్రులు పెరిగాకే. ముందు పెట్టినందుకు తీగ పందిరి దాటి కొబ్బరిచెట్టు ఎక్కుతుంది, అంతే లాభం. మా నాన్నగారి కాలంలో వేసిన పొడుగు వరి రకాల్లో చాలావాటికీ ఈ పట్టింపు ఉండేది, ఎప్పుడు ఊడ్చినా ఇంచుమించు ఒకేసారి ఈనేవి. 1966లో వచ్చిన ఐఆర్8 లాంటి పొట్టి రకాలకి ఆ పట్టింపు లేదు. అందుకే దాళ్వాలో, అంటే రెండో పంటలో, రాత్రులు తరిగే రోజుల్లో కూడా, నిక్షేపంగా పండాయి. కాలవ నీళ్లు దాళ్వాకి దారి వేశాయన్నది నిజమే కానీ, రాత్రిని పట్టించుకోని విత్తనం రాకపోతే ఇంత దాళ్వా ఉండేది కాదేమో అని నాకనిపిస్తుంది. బంతికీ ఆ పట్టింపు తక్కువే. అదే దీపం కింద, అదే వరసలో బంతులు విరగబూసి నన్ను వెక్కిరించాయి.

ఇంట్లో ఒక సందేహం వచ్చింది. మరి కార్తిక పున్నమి వెన్నెల మాటేమిటి? నిండు చందమామ నడినెత్తికి వచ్చినా భూమ్మీద పడే వెలుగు 0.3 లక్సుకి మించదు. లక్సంటే వెలుగుని కొలిచే ప్రమాణం. వీధి దీపం సరిగ్గా కింద దానికి ఎన్నో రెట్లు. చేమంతి వెన్నెలకి మోసపోదు. తులసికోటలో పెట్టే ప్రమిదలకీ భయం లేదు.

ఇక నా గడియారం సంగతి. అరవై అయిదు దాటిన దగ్గర్నుంచి రాత్రి ఎనిమిదింటికల్లా కునుకు ముంచుకొస్తుంది, మూడింటికల్లా తెలివి వచ్చేస్తుంది. ఆ వేళలో పెరట్లోకి వెళితే పారిజాతం టప్ టప్‌మని రాలుతుంటుంది. సందె వేళ విచ్చుకుని తెల్లారేలోపు రాలిపోయే పువ్వది. దాని నారింజ రంగు కాడలో ఉన్న రంగు కుంకుమపువ్వులోదేనని నాకు ఈమధ్యే తెలిసింది. వెనకటికి ఆ కాడలతో పట్టుబట్టలకి రంగు అద్దేవారు. దాని కింద చాప పరిచి కూర్చోవడం బాగానే ఉంటుంది కానీ, రోజూ మూడింటికి కూర్చోవాలంటే కష్టం.

మనకీ వెలుగుని లెక్కపెట్టే కణాలున్నాయి. కంట్లో చూపుకి పనికొచ్చే కణాలు కాక, కేవలం పగలా రాత్రా అని మెదడుకి చెప్పే కణాలు వేరే ఉన్నాయని 2002లో రూఢి అయింది. వాటిలో ఉండే మెలనాప్సిన్ అనే పదార్థానికి నీలం వెలుగంటే ఎక్కువ ఇష్టం. చూపు పూర్తిగా పోయినవాళ్లలో కూడా కొందరికి ఈ కణాలు పనిచేస్తూనే ఉంటాయి, వేళకి నిద్ర పడుతుంది. వయసు మీదపడిన కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. దాంతో ముందుగా తగ్గేది ఆ నీలమే. అంటే నడి వయసులో సరిపోయిన వెలుగు ఇప్పుడు మన కంటికి సరిపోదు. రెండేళ్ల కిందట నాకు శుక్లాల ఆపరేషనైంది. కట్టు విప్పిన మర్నాడు కంచె మీది శంఖుపుష్పం చూసి కాసేపు నిలబడిపోయాను. అది అంత నీలంగా ఉంటుందన్న సంగతే మర్చిపోయాను.

ఇంట్లో ట్యూబులైటు కింద వెలుగు రెండు మూడు వందల లక్సులు. బయట చెట్టు నీడలో అయినా అది వేలల్లో ఉంటుంది. మన కంటికి రెండూ ఒక్కలాగే అనిపిస్తాయి, లోపలి గడియారానికి మాత్రం కావు. ముసలితనంలో "ఇంట్లోనే ఉండండి, చల్లగా ఉంటుంది" అనే పిల్లల ప్రేమ మీద నాకు ఇందుకే కొంచెం ఫిర్యాదు.

అయితే పొద్దున్నే లేచి వెలుగులో తిరిగితే సరిపోతుందనుకుని నేను ఒక తప్పు చేశాను. పొద్దుటి వెలుగు లోపలి గడియారాన్ని ముందుకి జరుపుతుంది, సాయంత్రపు వెలుగు వెనక్కి జరుపుతుంది. పొద్దెక్కినా నిద్ర లేవని మా మనవడికి పొద్దుటి వెలుగు మందు. మూడింటికే లేచి కూర్చునే నాకు కావాల్సింది సాయంత్రం ఎండ. అందుకని తోటపనంతా నాలుగింటికి మార్చాను. పాదులు తవ్వడం, మెంతి చల్లడం, ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి విత్తడం, అన్నీ అప్పుడే. బొరిగె పట్టుకుని చిన్న పీట మీద కూర్చుంటాను, గొంతుకు కూర్చునే రోజులు పోయాయి. వానలకి గచ్చు మీద పట్టిన పాచిని మాత్రం ముందే సున్నం చల్లి, చీపురుతో గీకించేస్తాను. మా ఈడువాళ్లకి తోటలో పాము కంటే పాచే ఎక్కువ ప్రమాదం.

సాయంత్రాలకి ఇక్కడ ఒక చిక్కుంది. మనవాళ్లు పుష్యమాసానికి పూస గుచ్చేంత పొద్దుండదంటారు. మొత్తం పగలు చూస్తే అది సరైన మాటే. కానీ సూర్యుడు అందరికంటే ముందు ఇల్లు చేరేది పుష్యంలో కాదు, కార్తికం చివర్లో. నవంబరు నాలుగో వారంలో కోనసీమలో 5 గంటల 27 నిమిషాల ప్రాంతంలోనే సూర్యాస్తమయం. సంక్రాంతి నాటికి అది 20 నిమిషాలు వెనక్కి పోతుంది. మరి పగలు అప్పటికీ చిన్నదేగా అంటే, సూర్యోదయం కూడా వెనక్కి పోతూ ఉంటుంది. జనవరి మూడో వారం దాకా ఆలస్యంగా ఉదయించడం ఆగదు. మన గడియారాలకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకి కాస్త తూర్పునుంచే పోతుంది కాబట్టి, అసలు ఎండ మధ్యాహ్నం, అంటే సూర్యుడు ఆకాశంలో అన్నిటికంటే ఎత్తున ఉండే వేళ, మనకి పన్నెండుకే రావాలి. కానీ భూమి తిరిగే కక్ష్య పూర్తి గుండ్రం కాదు, భూమి అక్షం ఒరిగి ఉంది. ఆ రెండిటి వల్ల నవంబరులో ఎండ మధ్యాహ్నం పన్నెండుకి ముందే, జనవరిలో పన్నెండు దాటాక వస్తుంది. అందుకే కార్తికంలో నాలుగు దాటాక ఎవరొచ్చి కబుర్లు మొదలెట్టినా, చేతిలో బొరిగె దించకుండానే మాట్లాడతాను.

వీధి చేమంతుల దగ్గరికి వస్తే, కార్తిక పౌర్ణమి వెళ్లాక రోజూ సాయంత్రం ఆరింటికి నాలుగు కుండీల మీద పాత నల్ల రెయిన్‌కోటు కప్పి, పొద్దున ఆరింటికి తీయడం మొదలుపెట్టాను. మిగతా నాలుగూ అలాగే వదిలేశాను. వీధిలో వాళ్లు నవ్వారు. మూడు నాలుగు వారాలకి కప్పినవాటిలో ఆవగింజంత మొగ్గలు కనపడ్డాయి, సంక్రాంతి దాటేలోపు విచ్చుకున్నాయి. కప్పనివి ఆకులతోనే ఉన్నాయి. పాలీహౌస్‌లలో పూలు పెంచేవాళ్లు ఈ రెండు పనులూ లెక్కప్రకారం చేస్తారు. నల్లగుడ్డ కప్పి పూతని ముందుకు తెస్తారు, రాత్రి దీపాలు వేసి పండగ గిరాకీ దాకా ఆపుతారు.

ఈ ఏడు దీపానికి మా ఇంటి వైపు చిన్న రేకు ముక్క కట్టించాను. మెట్ల మీద వెలుగు పడుతుంది, కుండీల మీద పడదు. అన్నీ మొగ్గ మీదున్నాయి. రెండు కుండీలు మాత్రం మా ఆవిడ రేకు నీడలోంచి తీసి, కావాలనే దీపం కిందికి జరిపించింది. కార్తికం వెళ్లేదాకా అక్కడే ఉంచి, తర్వాత బావి పక్కకి మార్చాలట. మార్చిన తొమ్మిది పది వారాలకి పువ్వు రావాలి. వేళ్ల మీద లెక్కపెట్టి, "రథసప్తమికి అందుతాయండీ" అంది. ఆ రోజు చిక్కుడుకాయలతో రథం చేసి, సూర్యుడికి పెట్టిన పరమాన్నం చిక్కుడాకుల్లో తింటాం. చిక్కుడుకి ఢోకా లేదు, పందిరి నిండా పూత ఉంది.