నడుము భారం మెడకెక్కిన వైనం

రోబోటిక్ సర్జరీ చేసే వైద్యుల అలసటపై ఇప్పుడు సాగుతున్న చర్చకు మూలం రోబోలో కాదు, దానికి ముందొచ్చిన లాప్రోస్కోపీలో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి చేసే ఆపరేషన్‌లో ఉంది. 1985లో జర్మనీ సర్జన్ ఎరిక్ మ్యూహే ఆ పద్ధతిలో తొలిసారి పిత్తాశయాన్ని తొలగించాక, రోగులకు పెద్ద కోత తప్పింది. సర్జన్లకు మాత్రం పొడవాటి పరికరాలు పట్టుకుని, భుజాలు ఎత్తి, మెడ తిప్పి తెర చూస్తూ గంటల తరబడి నిలబడే పని మొదలైంది. పరికరం పొట్ట గోడ దగ్గర ఇరుసు మీద తిరిగినట్టు తిరుగుతుంది కనుక చేతిని కుడికి జరిపితే లోపల దాని కొన ఎడమకు పోతుంది. ఈ తిరకాసును మెదడు అనుక్షణం సరిచేసుకుంటూ ఉండాలి. సర్జన్ ఆడ్రియన్ పార్క్ బృందం 317 మంది సర్జన్లను ప్రశ్నించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 87 శాతం మంది ఒంటి నొప్పులో, ఇతర శారీరక ఇబ్బందులో ఉన్నాయని చెప్పారు.

అయితే ఈ బాధ తీర్చడానికే రోబో పుట్టిందనుకోవడం సరికాదు. యుద్ధభూమిలో గాయపడిన సైనికుడికి దూరంగా కూర్చున్న వైద్యుడు ఆపరేషన్ చేయగలగాలన్న ఆశతో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన డబ్బు ఈ యంత్రాల వెనుక ఉంది. ఆ పరిశోధనల ఆధారంగా 1995లో ఏర్పడిన ఇంట్యూటివ్ సర్జికల్ కంపెనీ తయారుచేసిన డావిన్సీ అనే సర్జరీ రోబోకు 2000లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. యుద్ధభూమి ఆలోచన పక్కకు పోయినా, సర్జన్ దూరంగా కూర్చుని రోబో చేతులను నడిపే కన్సోల్ మాత్రం ఆపరేషన్ థియేటర్‌లో స్థిరపడింది.

ఆ కన్సోల్ ముందు సర్జన్ కూర్చుని, నుదురు ఆనించి, మోచేతులు పట్టీ మీద మోపి, వేళ్లను చిన్న పట్టీలలో దూర్చి, కాళ్లతో పెడళ్లు నొక్కుతారు. చేతి వణుకును యంత్రం వడగడుతుంది; కుడిఎడమల తిరకాసు పోయింది; నడుముకు, భుజాలకు ఊరట దొరికింది. కానీ తల పైకి తీస్తే సెన్సర్ గుర్తించి పరికరాలను ఆపేస్తుంది కనుక పని సాగినంతసేపూ మెడ ముందుకు వంగి ఒకేచోట ఉండిపోతుంది. 2017లో వెలువడిన ఒక సర్వేలో నాలుగు వందలకు పైగా రోబోటిక్ సర్జన్లు పాల్గొంటే, సగానికి పైగా ఏదో ఒక శారీరక ఇబ్బంది ఉందన్నారు. మెడ బిగుసుకుపోవడం, వేళ్ల నొప్పి, కళ్ల అలసట వాటిలో ముఖ్యమైనవి.

మనసుకు పడే శ్రమ ఇంతకంటే ఆలస్యంగా చర్చకు వచ్చింది. రోబోతో కుట్లు వేసేటప్పుడు దారం ఎంత బిగిసిందో చేతికి తెలియనప్పుడు కంటితోనే అంచనా కట్టాలి. రోగి పక్కనున్న అసిస్టెంట్‌తో, మత్తు వైద్యుడితో మైకులోనే మాట్లాడాలి. విమాన, అంతరిక్ష రంగాల కోసం నాసా 1988లో రూపొందించిన పనిభారం కొలమానాన్ని శస్త్రచికిత్సకు అనువుగా మలిచింది 2011లోనే.

తయారీదారులు ఊరుకోలేదు. 2009 నాటి డావిన్సీ ఎస్ఐ కన్సోల్‌ను సర్జన్ ఒడ్డూపొడుగును బట్టి సర్దుకోవచ్చు. వెర్సియస్, హ్యూగో, మన దేశంలో తయారైన ఎస్ఎస్ఐ మంత్ర అనే ఇతర సర్జరీ రోబోలు తల దూర్చనక్కరలేని తెరిచిన కన్సోళ్లతో వచ్చాయి. 2024లో అనుమతి పొందిన డావిన్సీ 5 స్పర్శబలాన్ని కొంత చేతికి తెలియజేస్తోంది. ఇంత ఖరీదైన యంత్రం ముందు కుర్చీ ఎత్తు ఎవరూ పట్టించుకోకపోతే ఈ సదుపాయాల ఫలితం సగమే.

ఖర్చు లేని ఉపాయం విరామం. జర్మనీలోని హానోవర్‌లో పిల్లల లాప్రోస్కోపిక్ ఆపరేషన్లలో అరగంటకోసారి ఐదు నిమిషాలు ఆగి చూస్తే, సర్జన్ల ఒత్తిడి హార్మోన్ తగ్గిందని, ఆపరేషన్ సమయం మాత్రం పెరగలేదని 2011లో తేలింది. కన్సోల్ వద్ద ఇది ఇంకా తేలిక: తల ఎత్తితే చాలు, పరికరాలు ఉన్నచోటే నిలిచిపోతాయి.