చెప్పింది వినాలా, కళ్ళారా చూడాలా: ఫ్యామిలీ థెరపీ శిక్షణలో వందేళ్ల పేచీ

అమెరికాలో మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీలో మాస్టర్స్ చేస్తున్న వాళ్లని ఎవర్నైనా పలకరించండి, చదువు సంగతి తర్వాత, ముందు గంటల లెక్క చెబుతారు. ఆ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ చాలాకాలం 500 గంటలు క్లయింట్లతో కూర్చోవాలంది, అందులో 250 గంటలు జంటలతోనో కుటుంబాలతోనో అయి ఉండాలి. తర్వాత దాన్ని 300కి, జంటలూ కుటుంబాల వాటాని 100కి తగ్గించింది. దీనికి తోడు 100 గంటల సూపర్‌విజన్ ఉంది, అంటే అనుభవమున్న థెరపిస్టు ట్రైనీ పనిని పరిశీలించి సరిదిద్దడం. అందులో కనీసం 50 గంటలు సూపర్‌వైజర్ అసలు సెషన్‌ని చూసో, దాని రికార్డింగ్ చూసో, వినో చేసినవి అయ్యుండాలి. యూనివర్సిటీ క్లినిక్‌లో విద్యార్థుల టెన్షన్ అంతా ఈ లెక్కల చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకా పట్టు? స్టూడెంట్ వచ్చి "ఇదిగో ఇలా జరిగింది మేడమ్" అని చెబితే సరిపోదా? ఒకప్పుడు సరిపోయింది. 1920లో బెర్లిన్‌లో మాక్స్ ఐటింగాన్, ఇంకొందరు ఫ్రాయిడ్ శిష్యులు ఒక సైకోఅనాలిసిస్ (మనోవిశ్లేషణ) క్లినిక్ తెరిచారు. నేర్చుకునేవాడు రోగిని చూస్తాడు, తర్వాత సీనియర్ దగ్గరికొచ్చి గుర్తున్నంత చెబుతాడు, సీనియర్ విని సలహా ఇస్తాడు. సూపర్‌విజన్‌ని శిక్షణలో తప్పనిసరి భాగం చేసింది ఈ బెర్లిన్ పద్ధతే. కానీ గదిలోకి మూడో మనిషి రావడమన్నది ఊహకే అందని విషయం, రహస్యం అలాంటిది మరి. కాబట్టి సీనియర్‌కి తెలిసేది ట్రైనీ చెప్పినంతే. ఒక్క రోగి ఉన్నప్పుడు ఇది ఎలాగో నెట్టుకొచ్చింది. మొగుడూ పెళ్ళాం అత్తగారూ ఒకే గదిలో కూర్చుని ఒకరి మాట మీద ఒకరు పడుతుంటే, ఎవరు ఎవరి వైపు చూసి నోరు మూసుకున్నారో గుర్తుపెట్టుకుని తర్వాత చెప్పడం ఎవరి తరం?

పెళ్లి కౌన్సెలింగ్ వేరే దారిలో వచ్చింది. 1929లో న్యూయార్క్‌లో స్టోన్ దంపతులు, 1930లో లాస్ ఏంజెలెస్‌లో పాల్ పోపెనో, 1932లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ మడ్ కేంద్రాలు పెట్టారు. పోపెనో యూజెనిక్స్ ప్రచారకుడు, "మంచి జాతి" పెళ్ళిళ్లు నిలబడాలన్నది అతని తాపత్రయం. ఈ రంగం మొదట్లో అంత స్వచ్ఛంగా ఏమీ లేదని చెప్పడానికే ఈ మాట. ఇంకో విచిత్రం, ఆ కాలం కౌన్సెలర్లు చాలామంది భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెట్టేవాళ్లు కాదు, విడివిడిగా చూసేవాళ్లు. 1942లో సంఘం పెట్టుకున్నారు. మడ్ కేంద్రం తర్వాత పెన్సిల్వేనియా యూనివర్సిటీ సైకియాట్రీ విభాగంతో ముడిపడింది, ఆ విధంగా పెళ్లి కౌన్సెలింగ్ యూనివర్సిటీ గడప తొక్కింది.

గదిలో జరిగింది బయటికి రావడానికి మొదటి సాధనం గ్రామఫోన్ డిస్క్. 1940ల మొదట్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ కౌన్సెలింగ్ సెషన్లని డిస్కుల మీద రికార్డు చేయించాడు, కొద్ది నిమిషాలకోసారి డిస్క్ మార్చాలి, అయినా వదల్లేదు. 1942లో ఒక కేసు మొత్తాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా అచ్చు వేయించాడు. విద్యార్థులు తమ సెషన్లు తామే విని బిత్తరపోయారట: నేను సలహాలు ఇవ్వనని చెప్పుకునేవాడు ప్రతి రెండో వాక్యంలో సలహా ఇస్తున్నాడు.

తర్వాత అద్దం. ఒక వైపు నుంచి మాత్రమే కనిపించే ఏర్పాటుతో యేల్‌లో ఆర్నాల్డ్ గెసెల్ 1920ల్లోనే పిల్లల్ని గమనించేవాడు. 1950ల్లో బర్క్‌లీలో చార్ల్స్ ఫుల్‌వైలర్ అనే సైకాలజిస్టు అద్దం వెనక నుంచి కుటుంబాల్ని చూడటం మొదలుపెట్టాడు, అది చూసొచ్చిన జే హేలీ అనే థెరపిస్టు దాన్ని వదలకుండా పట్టుకున్నాడు. ఇందులో మాయ ఏమీ లేదు. థెరపీ గదిలో వెలుతురు ఎక్కువ, చూసేవాళ్ల గదిలో చీకటి, అంతే. అవతల ఎవరైనా ఫోన్ స్క్రీన్ వెలిగిస్తే చాలు, కుటుంబానికి అద్దంలో ఒక మొహం తేలుతుంది. అందుకే అద్దం గదిలోకి వెళ్ళే ముందు ట్రైనీలకి చెప్పే మొదటి పాఠం థెరపీ గురించి కాదు, లైటు వేయొద్దు, నవ్వొద్దు, కుర్చీ లాగొద్దు అని.

ఈ అద్దాన్ని నిజంగా బోధన పనిముట్టు చేసింది ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్. అర్జెంటీనాలో పుట్టిన సైకియాట్రిస్టు సాల్వడోర్ మినూచిన్ 1965లో దాని డైరెక్టర్ అయ్యాడు, 1967లో హేలీ చేరాడు, బ్రౌలియో మొంటాల్వో అనే థెరపిస్టు కూడా ఉన్నాడు. ముగ్గురూ ఒకే కారులో ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్లు, దారి పొడుగునా కేసుల గొడవే, ఫ్యామిలీ థెరపీలో సగం ఆలోచనలు ఆ కారులోనే పుట్టాయని అంటారు. వాళ్లు చేసిన సాహసం మామూలుది కాదు. క్లినిక్ చుట్టుపక్కల పేద నల్లజాతి, ప్యూర్టోరికన్ బస్తీల నుంచి పెద్దగా డిగ్రీలు లేని వాళ్లని తీసుకుని థెరపిస్టులుగా తయారుచేశారు. వాళ్లకి సిద్ధాంతాల మీద పేపర్లు రాయించి లాభం లేదు, అలాగని కుటుంబాల్ని వాళ్ల చేతిలో పెట్టి వదిలేయలేరు. కాబట్టి అద్దం వెనక కూర్చుని, సెషన్ నడుస్తుండగానే ఫోన్ చేసి చెప్పడం మొదలైంది. లైవ్ సూపర్‌విజన్ పాతుకుపోయింది ఈ అవసరం మీదే.

అదెలా ఉంటుందంటే. పన్నెండేళ్ల అబ్బాయిని ట్రైనీ ఏదో అడుగుతుంది, జవాబు అమ్మ చెబుతుంది. మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ అమ్మే. నాన్న కిటికీ వైపు చూస్తున్నాడు. గోడ మీద ఫోన్ మోగుతుంది. "అమ్మని ఆపకు. నాన్నని లేచి అబ్బాయి పక్కన కూర్చోమను, ఇద్దర్నీ మాట్లాడుకోమను." ఇరవై సెకన్ల కాల్. ట్రైనీ ఫోన్ పెట్టేసి తడబడుతూ అదే చెబుతుంది, నాన్న కుర్చీ మారుస్తాడు, అమ్మ రెండు సార్లు నోరు తెరిచి మూసుకుంటుంది. ఈ కదలిక తర్వాత నోట్స్‌లో "తండ్రిని సంభాషణలోకి తెచ్చాను" అనే ఒక్క వాక్యంగా మిగులుతుంది. ఆ వాక్యం చదివిన సూపర్‌వైజర్‌కి అమ్మ నోరు మూసుకోవడం కనబడదు కదా.

అయితే పేచీ ఇక్కడే మొదలు. థెరపీ చేస్తున్నది ఎవరు, లోపలున్న ట్రైనీయా, ఫోన్ చేతిలో ఉన్న పెద్దాయనా? రిమోట్‌తో నడిచే బొమ్మలు తయారవుతున్నాయన్న విమర్శ అప్పుడే వచ్చింది. 1973లో మొంటాల్వో దీని మీద రాసిన వ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. ఎప్పుడు పిలవొచ్చు, ట్రైనీ తనంతట తాను ఎప్పుడు బయటికి రావొచ్చు అన్నవి ముందే మాట్లాడుకోవాలనీ, ట్రైనీ తన పద్ధతిలో వెతుక్కునే స్వేచ్ఛని మరీ నొక్కేయకూడదనీ చెప్పాడు. చూడటానికి చిన్న విషయాలే. పాటించని సూపర్‌వైజర్లు ఇప్పటికీ బోలెడుమంది.

బాధ్యత అన్న మాటకి కోర్టు పదును పెట్టింది ఇంకో చోట. 1969లో బర్క్‌లీ యూనివర్సిటీ ఆసుపత్రిలో మన దేశం నుంచి వెళ్ళిన విద్యార్థి ప్రొసెన్‌జిత్ పొద్దార్ ఒక అమ్మాయిని చంపుతానని సైకాలజిస్టుతో అన్నాడు. సైకాలజిస్టు క్యాంపస్ పోలీసులకి ఉత్తరం రాసి చెప్పాడు, వాళ్లు అతన్ని ప్రశ్నించి వదిలేశారు. తర్వాత సైకియాట్రీ విభాగం పెద్ద ఆ ఉత్తరం వెనక్కి తెప్పించి రికార్డులు నాశనం చేయమన్నాడు. అక్టోబర్‌లో ఆ అమ్మాయి, టటియానా టరసాఫ్, అతని చేతిలో హత్యకి గురైంది. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడేందుకు తగిన చర్య తీసుకునే బాధ్యత థెరపిస్టుకి ఉందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సైకాలజిస్టు ట్రైనీ కాదు, అది జంటల థెరపీ కేసూ కాదు. అయినా ఆ తర్వాత ఏ యూనివర్సిటీ క్లినిక్ పెద్దా నాకు సంబంధం లేదని నిద్రపోలేని పరిస్థితి వచ్చింది. తిలా పాపం తలా పిడికెడు అంటే కుదరదు, కేసు చివరికి సూపర్‌వైజర్ మెడకే చుట్టుకుంటుంది.

అద్దం వెనక ఉన్నది ఎవరని స్త్రీవాదులు కూడా నిలదీశారు. 1977లో మరియాన్ వాల్టర్స్, బెట్టీ కార్టర్, పెగ్గీ పాప్, ఓల్గా సిల్వర్‌స్టీన్ అనే థెరపిస్టులు కలిసి విమెన్స్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు, 1978లో స్త్రీవాద దృష్టితో ఫ్యామిలీ థెరపీని విమర్శిస్తూ రేచల్ హేర్-మస్టిన్ వ్యాసం వచ్చింది. అమ్మ అతిగా కల్పించుకుంటోంది, నాన్నని ముందుకి తేవాలి అన్న సూచన ఊరికే పుట్టలేదని, ఇంటి చాకిరీ అంతా ఆమె నెత్తిన పెట్టి ఆమెనే తప్పు పట్టడం అందులో ఉందని వాళ్ల వాదన. పైన రాసిన ఫోన్ కాల్ ఇంకోసారి చదివితే ఆ వాదనలో బలం తెలుస్తుంది. నాకైతే ఆ కాల్ పూర్తిగా తప్పనిపించదు, కానీ అమ్మని ఒక్క ప్రశ్నైనా అడిగి ఉండాల్సింది.

ఇటలీలో మిలాన్ బృందం అద్దం వెనక సలహా మండలినే కూర్చోబెట్టింది, దాని జోలికి ఇప్పుడు పోను. నార్వే సంగతి మాత్రం చెప్పాలి. 1985 మార్చిలో ట్రోమ్‌సోలో ఒక యువ థెరపిస్టు ఒక కుటుంబంతో మాట్లాడుతున్నాడు, వాళ్ల దిగులులోకి తనూ జారిపోతున్నాడు. అద్దం వెనకున్న సైకియాట్రిస్టు టామ్ ఆండర్సన్ బృందం అతన్ని బయటికి పిలిచి ఆశ కలిగించే ప్రశ్నలు ఇచ్చి పంపింది, లోపలికెళ్ళగానే మళ్ళీ అదే దిగులు. చివరికి విసిగి, మా చర్చ మీరే వింటారా అని కుటుంబాన్ని అడిగారు. లైట్లు, మైకులు తారుమారు చేశారు, చూసేవాళ్లు వెలుగులోకి, కుటుంబం చీకట్లోకి. వింటున్నది కుటుంబమే అయ్యేసరికి బృందం భాష మారిపోయింది, రోగి గురించి చాటుగా అనే మాటలు ఎదురుగా అనలేరు కదా. రిఫ్లెక్టింగ్ టీమ్ అంటే అదే. ట్రైనీ తడబాటు లేకపోతే ఆ పద్ధతే పుట్టేది కాదేమో.

ఇప్పటి క్లినిక్‌లో అద్దం స్థానాన్ని చాలా చోట్ల కెమెరా తీసుకుంది, 2020 కరోనా తర్వాత సూపర్‌వైజర్ కెమెరా ఆపేసుకుని ఆన్‌లైన్ సెషన్‌లో మౌనంగా కూర్చోవడం కూడా వచ్చింది. ఆదాయాన్ని బట్టి తక్కువ ఫీజు, దానికి బదులుగా చూడటానికీ రికార్డు చేయడానికీ రాతపూర్వక సమ్మతి. జంటల కేసుల్లో తలనొప్పులు వేరే. రెండు సెషన్ల మధ్య రోజుల్లో భర్త ఫోన్ చేసి తనకి వేరే సంబంధం ఉందని ట్రైనీకి చెబుతాడు, ఇక ఆ రహస్యం ఎవరిది? అందుకే విడిగా చెప్పిన మాటలు ఏం చేస్తామో మొదటి రోజే కాగితం మీద రాయించుకుంటారు. ఇంట్లో కొట్టడం ఉందేమో తెలుసుకోవాలంటే మాత్రం ఇద్దర్నీ విడివిడిగా కలవాల్సిందే, కలిపి అడిగితే నిజం రాదు.

వీటన్నిటి మీదా ఒక చిక్కు ఉంది. సూపర్‌వైజరే మార్కులు వేస్తాడు. ఏ వీడియో చూపించాలో చాలాసార్లు ట్రైనీ ఎంచుకుంటుంది. మార్కులు వేసే మనిషికి తను చెడగొట్టుకున్న సెషన్ ఎవరు చూపిస్తారు? 50 గంటల నియమం చూశారా లేదా అని అడుగుతుంది, ఏం చూశారని అడగదు.

మన దగ్గర సంగతి వేరు. అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950ల్లోనే రోగుల కుటుంబాల్ని ఆసుపత్రి ఆవరణలో టెంట్లలో ఉంచి వైద్యంలో భాగం చేశారు, వెల్లూరు సీఎంసీ బంధువుల్ని రోగితో పాటే ఉండనిచ్చింది, బెంగళూరు నిమ్హాన్స్‌లో కుటుంబాల కోసం ప్రత్యేక విభాగమే నడిచింది. కానీ జంటల థెరపిస్టు పేరుతో విడిగా లైసెన్సు లేదు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కౌన్సెలర్లని పెట్టమంది, వాళ్ల సెషన్‌ని ఒక సీనియర్ ఇన్ని గంటలు చూడాలన్న షరతు అందులో లేదు. ఉన్నా, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెరిగిన వాళ్లు కెమెరా ముందు నోరు విప్పడం అంత తేలిక కాదు.

అమెరికాలో తెలుగు జంట తెలుగొచ్చిన ట్రైనీ దగ్గరికి వస్తే ఇంకో రకం ఇబ్బంది, స్పానిష్ మాట్లాడే ట్రైనీలకి ఇది ఎప్పట్నుంచో ఉన్నదే. వీడియో మొత్తం ఉంటుంది, కానీ సూపర్‌వైజర్‌కి ఒక్క ముక్క అర్థం కాదు. భార్య "మీ ఇష్టం" అన్నప్పుడు అది ఒప్పుకోలో అలకో తెలియాలంటే ట్రైనీ చెప్పాల్సిందే. ఆ భాష వచ్చిన రెండో సూపర్‌వైజర్ దొరికితే సరే, లేకపోతే ఒక పది నిమిషాల ముక్క తీసి మాటకి మాట అనువాదం రాయిస్తారు. ఆ పది నిమిషాలు ఎంచేది మళ్ళీ ట్రైనీయే.