ఆటలతో అక్షరాలు దిద్దించడం: అపోహలు - వాస్తవాలు

ఇసుక పళ్లెం, మట్టి, గరుకు కాగితం, పలక... పసిపిల్లల చేత అక్షరాలు దిద్దించే సామాను అందరికీ తెలిసిందే. చెయ్యి ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది అన్నదే చాలామంది చూడరు. కింది అపోహల్లో సగం అక్కడ పుట్టినవే.

అపోహ: మట్టితో అక్షరం చేశారంటే రాయడం వచ్చేసినట్టే.

వాస్తవం: వచ్చింది ఆకారం మాత్రమే. ముందు తలకట్టు పెట్టి, తర్వాత కింది భాగం అతికించినా మట్టి ‘గ’ చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. అదే వరస కాగితం మీదికొస్తే గీతలు ముందుకీ వెనక్కీ పోయి రాత నత్తనడక నడుస్తుంది. అలాగని మట్టిపని మానక్కర్లేదు, వేళ్లకు బలం దానితోనే వస్తుంది. అక్షరం తయారయ్యాక మొదలుపెట్టాల్సిన చోట ఒక పుల్ల గుచ్చి, అక్కణ్నుంచి చూపుడువేలిని మూడుసార్లు నడిపించండి. ‘గ’ అయితే: “ఎడమపక్క కింద మొదలు, పైకి, గుండ్రంగా తిరిగి, కుడిపక్క కిందికి. చెయ్యి ఎత్తు. నెత్తిన తలకట్టు.” ప్రతిసారీ ఇవే మాటలు వాడండి. రోజుకో రకంగా చెబితే చెయ్యి ఆ మాటల్ని పట్టుకోలేదు.

ఇక్కడ మట్టి అంటే పిండిముద్దే. దానికి కొలత: 2 కప్పుల మైదా, 1 కప్పు ఉప్పు, 1 చెంచా నూనె. నీళ్లు ముప్పావు కప్పుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా కలపాలి. చేతికి అంటుకుంటే పిండి చల్లండి, పగుళ్లిస్తే తడి చెయ్యి వెయ్యండి. అక్షరం కోసం పేనే మట్టి తాడు పెద్దవాళ్ల చిటికెనవేలంత లావుండాలి. సన్నగా చేస్తే వంపు దగ్గర తెగుతుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకోకుండా చూడండి.

అపోహ: ఇసుకలో రాయించడమంటే ఇసుక పోసి రాయించడమే.

వాస్తవం: అంతా లోతులో ఉంది. అర సెంటీమీటరు చాలు. రెండు సెంటీమీటర్లు పోస్తే గీత అంచులు కూలి, వంపు పూడిపోతుంది. ఇసుక జల్లించి ఆరబెట్టిందై ఉండాలి. తడి ఉంటే పళ్లెం ఊపినప్పుడు సర్దుకోదు, అక్షరం చెరగదు. అడుగున ముదురు రంగు కాగితం పరిస్తే వేలు వెళ్లిన దారి స్పష్టంగా కనిపిస్తుంది. ఇక, పిల్లలకు ఎదురుగా కూర్చోకండి. మీరు గీసింది వాళ్లకు తలకిందులుగా కనిపిస్తుంది. పక్కన కూర్చోవాలి.

అపోహ: చుక్కల మీద ఎంత దిద్దితే అంత మంచిది.

వాస్తవం: చుక్కలు కలిపే పిల్లల చూపు తర్వాతి చుక్క మీదే ఉంటుంది, అక్షరం మీద ఉండదు. ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లల మీద అమెరికా మనస్తత్వ పరిశోధకురాలు కరిన్ జేమ్స్ బృందం చేసిన పరిశోధన 2012లో వెలువడింది. చుక్కల మీద దిద్దిన, కీబోర్డు మీద కొట్టిన అక్షరాల కంటే చూసి సొంతంగా రాసిన అక్షరాలకు, చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు ఎక్కువగా స్పందించాయని అందులో తేలింది. వంకరటింకరగా రాసినా సరే, సొంతంగా రాయడమే ముఖ్యం.

చుక్కల పుస్తకం బదులు పలక తీయండి. మీరు బలపంతో పెద్దగా ఒక అక్షరం రాయండి. గోళీ అంత స్పాంజి ముక్కను తడిపి, గట్టిగా పిండి ఇవ్వండి. పిల్లలు దాంతో ఆ గీత వెంటే తుడుస్తారు. తర్వాత పొడి గుడ్డతో అదే దారిలో, చివరికి బలపంతో సొంతంగా. స్పాంజి సరిగా పిండకపోతే నీళ్లు కారి అక్షరం మొత్తం కొట్టుకుపోతుంది, ఆట అక్కడితో ఆగిపోతుంది.

అపోహ: ‘అ’తోనే మొదలుపెట్టాలి.

వాస్తవం: పాడటానికి, చెప్పడానికి వర్ణమాల వరస బాగుంటుంది. చేతికి మాత్రం ‘అ’లో మలుపులు మరీ ఎక్కువ. ‘గ’, ‘ర’ లాంటి తేలికవి ముందు. ఆ తర్వాత, చెయ్యి ఒకేలా తిరిగే అక్షరాలు ఒకదాని వెంట ఒకటి. ‘ప’ బాగా కుదిరాకే ‘ఫ’, ‘ష’. ‘ద’ తర్వాత ‘ధ’, ఆపైన లోపల చుక్క పెట్టి ‘థ’. ‘న’, ‘స’ చూపుకు దగ్గరి చుట్టాలు కనుక రెంటి మధ్యా కొన్ని వారాలు ఎడం ఉంచండి.

అపోహ: పెన్సిల్ ఎంత తొందరగా పట్టిస్తే అంత మేలు.

వాస్తవం: నిలువుగీత సుమారు రెండేళ్లకు, సున్నా మూడేళ్లకు, కూడిక గుర్తు నాలుగేళ్లకు, ఏటవాలు గీతలు అయిదేళ్ల ప్రాంతంలో వస్తాయి. పిల్లల్లో తేడాలుంటాయి. సున్నా మూయలేని చేతికి అక్షరం ఇస్తే పిడికిలితో నొక్కి గీయడమే అలవాటవుతుంది. పట్టు కుదరాలంటే 2-3 సెంటీమీటర్ల విరిగిన క్రేయాన్ ముక్క ఇవ్వండి. అంత చిన్నదాన్ని పిడికిలితో పట్టుకోవడం కుదరదు, మూడు వేళ్లూ వాటంతటవే ముందుకొస్తాయి.

అపోహ: అక్షరం తిరగేసి రాస్తే ఏదో లోపం ఉన్నట్టు.

వాస్తవం: ఏడేళ్ల లోపు అది మామూలే. ఏడు దాటాక కూడా తరచూ అలాగే రాస్తూ, చదవడంలోనూ తడబడుతుంటే నిపుణులకు చూపించండి.

అపోహ: ఎడమచేతివాటం మాన్పించాలి.

వాస్తవం: అక్కర్లేదు. కాగితం పైఅంచును కాస్త కుడివైపుకి వాల్చి, నమూనా అక్షరాన్ని కుడిపక్కన పెట్టండి. ఎడమపక్క పెడితే చెయ్యి అడ్డొచ్చి కనబడదు.