అరువు పేర్లతో ఆడిన హోంగ్‌యే పిల్లలు

2025 ఆగస్టులో తైవాన్ పిల్లల జట్టు అమెరికాలో లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ గెలిచింది. అది పిల్లల బేస్‌బాల్‌కి ప్రపంచ కప్పు లాంటిది. 1996 తర్వాత ఆ కప్పు మళ్లీ వాళ్ల చేతికి రావడం ఇదే. ఆ దేశపు బేస్‌బాల్ పిచ్చికి మూలం వెతికితే దారి ఒక కొండ ఊరికి తీసుకుపోతుంది. పేరు హోంగ్‌యే. అంటే ఎర్రాకు.

ఆటను తైవాన్‌కి తెచ్చింది 1895 నుంచి 1945 దాకా ఏలిన జపాన్ వాళ్లు. హోంగ్‌యే ఉండేది తైతుంగ్ జిల్లాలో, బునున్ తెగవాళ్ల ఊరు. 1960లలో అక్కడి పిల్లలు బడికి సరిగా వచ్చేవాళ్లు కాదు. ఆట ఆశ చూపితే వస్తారని బడివాళ్లు జట్టు కట్టారు. కర్రే బ్యాటు, రాయే బంతి అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1968 ఆగస్టు 25న తైపేలో ఈ పిల్లలు జపాన్ జట్టును 7-0తో ఓడించారు. ప్రపంచ ఛాంపియన్లనే చిత్తు చేశామన్న మాట దేశమంతా పాకింది. తేదీలు చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్లు జపాన్‌లోని వకయామా పిల్లలు. వాళ్లు వరల్డ్ సిరీస్ ఫైనల్ ఆడింది ఆగస్టు 24న, అమెరికాలోని పెన్సిల్వేనియాలో! మర్నాడు తైపేలో ఎలా దిగుతారు? వచ్చింది జపాన్‌లోని కన్సాయ్ ప్రాంతం నుంచి ఏరి తెచ్చిన వేరే జట్టు.

దీన్ని పొరపాటని వదిలేయొచ్చు. రెండోది అలా కాదు. ప్రాథమిక బడి పిల్లల ఆటలో, హోంగ్‌యే వాళ్లు బడి దాటిపోయిన పెద్ద కుర్రాళ్లను చిన్నవాళ్ల పేర్లు పెట్టి దింపారు. వ్యవహారం కోర్టుకెక్కింది. హెడ్మాస్టరుకూ కోచ్‌కూ జైలుశిక్ష పడింది, అయితే అమలు కాకుండా నిలిపేశారు. నాకు మాత్రం కుర్రాళ్ల సంగతే గుచ్చుకుంటుంది. మైదానంలో దుమ్మురేపి, మర్నాడు పేపరు తిరగేస్తే అందులో తన పేరు ఉండదు. పక్కింటి పిల్లాడి పేరుంటుంది.

అయినా ఊపు ఆగలేదు. 1969లో గోల్డెన్ డ్రాగన్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు. పేరుకు తైచుంగ్ ఊరి జట్టు, ఆటగాళ్లేమో ద్వీపమంతటి నుంచీ వచ్చినవాళ్లు. 1996 నాటికి తైవాన్ టైటిళ్లు 17. ఎంత పరిధి నుంచి పిల్లల్ని తీసుకోవచ్చన్న నిబంధనల మీద పేచీ వచ్చి, 1997లో తైవాన్ లిటిల్ లీగ్ నుంచే తప్పుకుంది. తిరిగొచ్చింది 2003లో.

తైవాన్ 500 డాలర్ల నోటు మీద టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న బేస్‌బాల్ పిల్లలు ఉంటారు. చాలామంది వాళ్లను హోంగ్‌యే జట్టనే అనుకుంటారు. కాదు, అదే జిల్లాలోని నాన్‌వాంగ్ బడి పిల్లలు.