టీమ్‌లో బలాలు, నమ్మకం: నేను తరచూ వినే అపోహలు

టీములకు శిక్షణ ఇవ్వడం నా పని. ఎక్కడికి వెళ్లినా నన్ను మొదట అడిగేది ఒకటే: "ఏదో ఒక టెస్టు పెట్టి ఎవరి బలం ఏంటో చెప్పేయండి, మిగతాది మేం చూసుకుంటాం." అసలు కష్టమంతా ఆ మిగతాదాంట్లోనే ఉంటుంది.

అపోహ: టెస్టు రాస్తే బలాలు తెలిసిపోతాయి.

వాస్తవం: టెస్టులు దండగ అనను. క్లిఫ్టన్ స్ట్రెంగ్త్స్ అనే టెస్టు 34 రకాల బలాలు చూపిస్తుంది, వీఐఏ సర్వే అనే మరో టెస్టు 24 గుణాలు చెబుతుంది. నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడానికి అదో మంచి సాకు. కానీ రిపోర్టు చదివి "అచ్చం నేనే" అనిపిస్తే చాలదు. బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరిది వారికే రాసినట్టుగా అందరికీ ఒకటే వర్ణన చేతికిచ్చారు. ఎంత సరిపోయిందో చెప్పమంటే 5కి సగటున 4 పైనే వేశారు! 1949లో అచ్చయిన పరిశోధన ఇది. అందుకే నేను రిపోర్టు పక్కన పెట్టి, "పోయిన నెలలో పక్కవాళ్లు ఏ పని మీద మీ దగ్గరికి వచ్చారు?" అని అడుగుతాను. జవాబు చాలాసార్లు రిపోర్టులో లేనిదే వస్తుంది.

అపోహ: బలం ఎంత వాడితే అంత మంచిది.

వాస్తవం: ఒక టీమ్‌లో సీనియర్ ఒకాయన ఉండేవారు. ఏ ఫైల్ పంపినా కామాల దగ్గర్నుంచి దిద్దేవారు. పేజీ నిండా ఎర్ర గీతలే. పాపం, ఉద్దేశం మంచిదే. కొన్నాళ్లకు జనం ఆయనకు చివరి గంటలో తప్ప డ్రాఫ్టులు పంపడం మానేశారు. "నన్ను లెక్కచేయట్లేదు" అని ఆయన నొచ్చుకున్నారు. అందర్నీ కూర్చోబెట్టినప్పుడు ఒకమ్మాయి ధైర్యం చేసింది: "సార్, క్లయింటుకు వెళ్లేదైతే మీరు చూడకుండా పంపాలంటే నాకు భయం. కానీ నేనింకా ఆలోచిస్తున్న డ్రాఫ్టులో కామాలు దిద్దితే ఇక రాయబుద్ధి కాదు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏది ఏ డ్రాఫ్టో నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు నుంచి ఫైల్ పేరు చివర 'ఆలోచన' అనో 'ఫైనల్' అనో రాయడం మొదలుపెట్టారు. ఎర్ర గీతలు 'ఫైనల్' ఫైళ్లలో మాత్రం అలాగే ఉన్నాయి.

అపోహ: అందరూ ఘటికులైతే నమ్మకం దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. 1995లో మేయర్, డేవిస్, షూర్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు ఎదుటివారిని నమ్మడానికి మూడు కారణాలు చెప్పారు: పని చేతనవడం, మన మేలు కోరడం, మాట మీద నిలబడటం. బలాల రిపోర్టు చెప్పేది మహా అయితే మొదటిదాని గురించే. ఎంత పనిమంతుడైనా పక్కవాడి శ్రమను తన ఖాతాలో వేసుకుంటే, రేపట్నుంచి అతనికి ఎవరూ ఏదీ ముందుగా చెప్పరు.

అపోహ: నమ్మకమున్న టీమ్‌లో తప్పులు తక్కువ కనిపిస్తాయి.

వాస్తవం: ఎక్కువ కనిపించవచ్చు. ఆమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. ఆ బృందాల్లో పొరపాటు గురించి మాట్లాడటానికి భయం తక్కువని ఆమెకు తర్వాత అర్థమైంది. తప్పులు సున్నా అని చూపించే టీమ్‌ని చూస్తే నాకైతే టెన్షనే.

అపోహ: ఔటింగ్‌కు తీసుకెళ్తే అంతా కలిసిపోతారు.

వాస్తవం: ఫోటోలు బాగా వస్తాయి.

అపోహ: "అది నా బలం కాదు" అనడమంటే పని తప్పించుకోవడమే.

వాస్తవం: అక్కడితో ఆగితే తప్పించుకోవడమే. "నలుగురి ముందు మాట్లాడటం నా వల్ల కాదు, స్లైడ్లన్నీ నేను చేస్తాను, నువ్వు చెప్పు" అంటే పని పంచుకోవడం. అయితే ఈ మాట కింది ఉద్యోగి నోట ముందుగా రాదు, పైవాళ్లు మొదలుపెట్టాలి. ఒక మేనేజర్ మీటింగ్ మొదట్లోనే, "నేను పెద్ద మెయిల్స్ సగమే చదువుతాను, అర్జెంటైతే ఫోన్ చేయండి" అనేశారు. అందరూ నవ్వారు. పది నిమిషాలు తిరక్కుండానే మరో ముగ్గురు తమకు రానివి చెప్పుకున్నారు.